దవాఖానలో రాసే మొదటి లైను

(యాసంగి కోతలకు ముందు, వరంగల్ జిల్లాలోని ఒక మండల కేంద్రం రైతు వేదికలో జరిగిన సభలో హనుమకొండ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక మహిళా న్యాయవాది మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేసి మిగతాది అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు కూర్చున్న అక్కలకు, పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళకు కూడా. తమ్ముళ్ళూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తానని మాత్రం చెప్పను. వకీళ్ళు అలా అంటే ఎవరూ నమ్మరు.

నన్ను పిలిచినప్పుడు "మేడం, హెల్మెట్ గురించి చెప్పండి" అన్నారు. చెబుతాను. కానీ నా పని యాక్సిడెంట్ అయిపోయాక మొదలవుతుంది. కాలు విరిగినవాళ్ళు, కొడుకు పోయినవాళ్ళు కాగితాల సంచి పట్టుకుని వస్తారు. ఆ సంచిలోంచి కాగితాలు ఒక్కొక్కటిగా తీస్తుంటే, చాలాసార్లు ఈ కేసు ఎక్కడ పోయిందో నాకు అక్కడే తెలిసిపోతుంది. జడ్జి గారి ముందు కాదు. యాక్సిడెంట్ అయిన రోజే, దవాఖాన క్యాజువాలిటీలో పోయింది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

క్యాజువాలిటీలో ఏం జరుగుతుంది? మీలో చాలామంది చూసే ఉంటారు. మనిషి స్ట్రెచర్ మీద ఉంటాడు. పక్కన బావమరిదో, దోస్తో ఉంటాడు. డ్యూటీ డాక్టర్ రాసుకుంటూ అడుగుతాడు, "ఎట్లైంది?" అని. ఆ ఒక్క క్షణంలో ఈ బావమరిదికి ఎన్ని గుర్తొస్తాయో చూడండి. మా బావకు లైసెన్స్ లేదు. బండి ఇన్సూరెన్స్ అయిపోయింది. బండి మీద ముగ్గురం ఉన్నాం. పోలీసులొస్తే బండి స్టేషన్‌లో పెట్టేస్తారు. ఇవన్నీ తలకెక్కి, ఏమంటాడు? "స్కిడ్ అయి పడ్డడు సార్" అంటాడు. డాక్టర్ అదే రాస్తాడు. ఆయనకేం తెలుసు? చెప్పింది రాస్తాడు.

గుద్దింది లారీ. కాగితం మీద లారీ లేదు.

నాలుగు రోజులకు ఆపరేషన్ బిల్లు చూశాక అందరికీ లారీ గుర్తొస్తుంది. అప్పుడు స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇస్తారు. ఇచ్చారు, మంచిదే. తర్వాత ట్రిబ్యునల్‌లో, అంటే యాక్సిడెంట్ పరిహారం కేసులు వినే కోర్టులో, ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు లేస్తారు. గొంతు కూడా పెంచరు. "దవాఖానలో చేర్పించింది మీ బావమరిదేనా?" అవునండి. "ఆయనకు మీకు ఏమన్నా పగ ఉందా?" లేదండి. "బండి స్కిడ్ అయి పడ్డారని ఆయనే కదా చెప్పింది?" ఏం జవాబు చెబుతారు? "మరి ఈ లారీ నాలుగు రోజుల తర్వాత ఎక్కడి నుంచి వచ్చింది?" అంతే. ఆయన కూర్చుంటారు. ఎఫ్ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన పరిహారం కేసు కొట్టేయకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యానికి కారణం చెప్పుకోవచ్చు, మనిషి ప్రాణాపాయంలో ఉంటే స్టేషన్‌కు ఎవరు పోతారు? కానీ మొదటి కాగితంలో మనవాళ్ళే ఇంకో కథ చెబితే దాన్ని దిద్దుకోవడానికి చాలా కష్టపడాలి.

అందుకని, అక్కా, అన్నా, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ బండి గుద్దింది, నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే "ఇసుక లారీ, నంబరు చూడలేదు" అని చెప్పండి. మెడికో లీగల్ కేసుగా రాయమని అడగండి. ఎంఎల్‌సీ అంటారు, పోలీసులకు కూడా తెలపాల్సిన కేసు అని. సర్కారు దవాఖాన అయినా ప్రైవేటు అయినా రాయాల్సిందే. రాశాక ఏం రాశారో ఒకసారి చదివి వినిపించమనండి.

ఇప్పుడు ఆ బావమరిది భయాల సంగతి చూద్దాం. ఆ భయాలు ఉత్తవే అని నేను అనను. లైసెన్స్ లేకుండా నడిపితే ఫైన్ పడుతుంది, పడాలి కూడా. కానీ ఫైన్ వేరు, పరిహారం వేరు. ఎదుటి లారీ తప్పు వల్ల దెబ్బ తగిలితే, మీకు లైసెన్స్ లేదన్న ఒక్క కారణంతో తప్పు మీ మీదికి రాదు. 2008లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ముగ్గురెక్కిన బండి విషయమూ అంతే. ముగ్గురెక్కడం చట్టప్రకారం తప్పే, వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ పోతుంది. కానీ వెనక నుంచి కారు వచ్చి గుద్దితే, ముగ్గురుండడం వల్లే యాక్సిడెంట్ అయిందని ఎదుటివాళ్ళు రుజువు చేయాలి. ముగ్గురున్నారు కాబట్టి సగం తప్పు మీదే అని ఊరికే కోసేయడానికి వీల్లేదని 2020లో తీర్పు వచ్చింది. హెల్మెట్ లేకపోయినా కేసు పోదు. తలకు దెబ్బ తగిలితే మాత్రం కొంత కోత పెట్టమని కంపెనీ అడుగుతుంది, కోర్టు ఒప్పుకోవచ్చు కూడా.

వెయ్యి రూపాయల ఫైన్‌కు భయపడి పది లక్షల కేసును మనమే చింపేసుకుంటున్నాం. ఇది ఎక్కడి లెక్క?

ఇక రెండోది, ఊళ్ళో పంచాయితీ. పెద్దమనుషులు ఇక్కడే ఉన్నారు, కోపం తెచ్చుకోకండి. గుద్దిన ట్రాక్టరు మన ఊరిదే. పొద్దున లేస్తే మొఖాలు చూసుకోవాలి. కూర్చోబెట్టి ముప్పై వేలో, యాభై వేలో ఇప్పించి, బాండ్ పేపర్ మీద సంతకాలు పెట్టిస్తారు. మంచి మనసుతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ కాలులో రాడ్ వేసినవాడికి రేపు చీము పడుతుందో, ఇంకో ఆపరేషన్ కావాలో, మళ్ళీ కల్లంలో బస్తా మోయగలడో లేదో ఆ రోజు ఎవరికి తెలుసు? డాక్టరుకే తెలియదు. ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ ఉందా అని ముందు అడగండి. ఉంటే పరిహారం కట్టేది కంపెనీ. ట్రాక్టరాయన జేబులోంచి కాదు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు నడుస్తుంది, అది దాచను. కానీ "మా మీద కేసు పెట్టి మా ఆస్తి గుంజుకుంటారు" అన్న భయం, ఇన్సూరెన్స్ ఉన్న బండి విషయంలో చాలావరకు లేనిదే. డ్రైవరుకు లైసెన్స్ లేకపోతే కథ వేరు. అప్పుడు కంపెనీని ముందు బాధితుడికి కట్టించి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి.

ఈలోపు రాజీ మాటల్లో నెలలు గడిచిపోతాయి. ఇది గట్టిగా చెబుతున్నాను, వెనకవాళ్ళు కూడా వినండి. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టం మారింది. యాక్సిడెంట్ అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ఆరు నెలలు. వెనకటి లెక్క పట్టుకుని "ఎప్పుడైనా వేసుకోవచ్చు" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. నమ్మకండి. కాలు కట్టు విప్పేదాకా ఆగుదాం, రాడ్ తీసేదాకా ఆగుదాం అనుకోకండి. పిటిషన్ వేసి పెట్టండి, తర్వాత వచ్చిన బిల్లులు తర్వాత చూపించుకోవచ్చు. ఎక్కడ వేయాలి? యాక్సిడెంట్ హైదరాబాద్‌లో అయినా సరే, మీరు ఉండే చోట వేసుకోవచ్చు. ఉప్పల్‌లో గుద్దారని నర్సంపేట మనిషి ప్రతి వాయిదాకు అక్కడి కోర్టుకు తిరగాల్సిన పని లేదు.

ఇప్పుడు మీ సొంత బండి కాగితం దగ్గరికి వద్దాం. చేతులెత్తండి, మీ బండి పాలసీ ఎవరు చదివారు? ఒక్కరూ లేరా? సరే, ఆ అన్న ఎత్తారు. సంతోషం.

కొత్త బండి కొన్నప్పుడు షోరూంలో ఐదేళ్ళ థర్డ్ పార్టీ కట్టించుకుంటారు. 2018 సెప్టెంబర్ నుంచి అది రూలు. మనమేం అనుకుంటాం? ఐదేళ్ళు ఇన్సూరెన్స్ ఉంది కదా, బేఫికర్ అనుకుంటాం. థర్డ్ పార్టీ అంటే మీ బండి వల్ల ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇచ్చేది. మీకు తగిలితే కాదు. ఇంకా వినండి. మీ వెనక కూర్చున్న మనిషికి కూడా కాదు! ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో బండి వెనక ఊరికే ఎక్కించుకున్న మనిషికి కవర్ లేదని 2006లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరు మీ అమ్మను ఎక్కించుకుని వరంగల్ పోతున్నారు. మీరే గుంతలో వేసి పడేశారు. అమ్మ తుంటి ఎముక విరిగింది. మీ థర్డ్ పార్టీ పాలసీ ఆమెకు ఒక్క రూపాయి ఇవ్వదు. అదే ఫుల్ ఇన్సూరెన్స్, ప్యాకేజీ పాలసీ అంటారు చూడండి, అది ఉంటే వెనక కూర్చున్న ఆమెకు వస్తుంది. మొదటి ఏడాది ఫుల్ ఉంటుంది, రెండో ఏడాది మనం రెన్యువల్ చేయించం, ఎందుకంటే "ఐదేళ్ళది ఉంది కదా". భార్యాపిల్లలను రోజూ ఎక్కించుకుని తిరిగే బండికి ఇదొక్కటి తప్పకుండా చూసుకోండి.

నడిపే ఓనర్‌కు పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఇంకోటి ఉంటుంది, 15 లక్షలది. మనిషి పోతే పూర్తి మొత్తం. ఒక కాలో చెయ్యో పూర్తిగా పోతే సగం. కాలు విరిగి రాడ్ వేస్తే? ఏమీ రాదు. బిల్లులు కట్టే పాలసీ కాదది. పైగా ఇక్కడ లైసెన్స్ తప్పనిసరి. ఇందాక లారీ గుద్దితే లైసెన్స్ లేకపోయినా కేసు పోదన్నాను కదా, ఇక్కడ మాత్రం పోతుంది. కాబట్టి తమ్ముళ్ళూ, సగం మాట విని ఇంటికి పోయి "వకీలమ్మ లైసెన్స్ అక్కర్లేదంది" అని చెప్పకండి!

ఇంకో చిన్న సంగతి. బండి అమ్మారు, ఆర్‌సీ పేరు మార్చలేదు. కొన్నవాడు ఎవరినో గుద్దాడు. నోటీసు ఎవరికి వస్తుంది? ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ళకు. అమ్మి మూడేళ్ళయింది సార్ అంటే కోర్టు వినదు.

ఇక ఈ నెలలో, ఈ ఊళ్ళో చెప్పక తప్పని మాట ఒకటుంది. వడ్లు. నాకు తెలుసు, కల్లాలు చాలవు, కొనుగోలు సెంటర్‌లో తేమ శాతం చూస్తారు, తడిస్తే తీసుకోరు, రోడ్డు కన్నా మంచిగా ఎండే చోటు లేదు. రైతు బాధ నాకు తెలియనిది కాదు, మాదీ వ్యవసాయ కుటుంబమే. కానీ రాత్రిపూట ఆ కుప్ప ఎలా కనిపిస్తుందో బండి మీద వచ్చేవాడి కళ్ళతో చూడండి. రోడ్డు నల్లగా ఉంటుంది. కుప్ప మీద కప్పిన పట్టా నల్లగా ఉంటుంది. పట్టా లేచిపోకుండా చుట్టూ రాళ్ళు పెడతారు, వాటి మీద దుమ్ము. ఎదురుగా వచ్చే ట్రాక్టరు హైబీమ్ కళ్ళల్లో కొడుతుంది. బండి అరవై మీద ఉంటే సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. చూసి, బ్రేక్ మీద చెయ్యి పడేసరికే ఆ 16 మీటర్లు అయిపోతాయి. బ్రేక్ పట్టాక ఇంకో ఇరవై మీటర్లకు పైనే. ఇదంతా మంచి రోడ్డు మీద. టైరు కింద వడ్ల గింజలుంటే అవి గోలీల్లా దొర్లుతాయి, ముందు బ్రేక్ పట్టినవాడు పట్టినట్టే పడిపోతాడు.

ఇంకోటి గమనించారా? లారీ వచ్చి వడ్లు ఎత్తుకుపోయాక రాళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి. ఎవరూ తీయరు. కుప్ప కన్నా ఆ ఖాళీ రోడ్డు మీది రాళ్ళే నాకు ఎక్కువ భయం.

నడిపేవాడు ఇలా పడితే అతనికి పరిహారం ఎవరిస్తారు? గుద్దిన బండి ఏదీ లేదు, కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోలేరు. పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే అది, లేకపోతే సొంత ఆస్తులే దిక్కు. కుప్ప పోసిన రైతు మీద రోడ్డుకు అడ్డం పెట్టినందుకు కేసవుతుంది, మనిషి పోతే ఇంకా పెద్ద కేసవుతుంది. ఇద్దరూ మన ఊరోళ్ళే. రోడ్డు పూర్తిగా మానమంటే మానరు, నాకు తెలుసు. కనీసం పొద్దుగూకేసరికి కుప్పను రోడ్డు కిందికి లాగండి. మలుపులో, కల్వర్టు దగ్గర అసలు పోయకండి. రాళ్ళకు బదులు ఇసుక నింపిన సంచులు పెట్టండి. ట్రాలీ వెనక రేడియం స్టిక్కర్ వేయించండి, ఎంతో ఖర్చు కాదు. లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రాలీని వెనక నుంచి గుద్దుకుని పోయినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. అలాంటి కేసుల్లో ట్రాలీని జరపకముందే ఫొటో తీయండి, వెనక లైటు లేదని కనపడేటట్టు. జరిపాక ఎవరు రుజువు చేస్తారు?

హెల్మెట్. మాటిచ్చాను కాబట్టి చెబుతాను. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనండి, గడ్డం కింద పట్టీ పెట్టుకోండి. పట్టీ పెట్టని హెల్మెట్ మనిషి కన్నా ముందే ఎగిరిపోతుంది. హెల్మెట్ వల్ల చనిపోయే ప్రమాదం 42 శాతం దాకా తగ్గుతుందని ఎన్నో దేశాల అధ్యయనాలు కలిపి చూసినవాళ్ళు తేల్చారు. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా చట్టం అదే, నాలుగేళ్ళు దాటిన పిల్లల నుంచి. 2022లో ఒక్క ఏడాదిలో దేశంలో హెల్మెట్ పెట్టుకోకుండా వెనక కూర్చుని చనిపోయినవాళ్ళు 14,337 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వీళ్ళలో ఎంతమంది మన అక్కలు, చెల్లెళ్ళు, అమ్మలో! ఒక పక్కకు కూర్చుని, ఒడిలో పిల్లవాడిని పెట్టుకుని పోయేది వాళ్ళే కదా. ఇంట్లో ఒకటే హెల్మెట్ ఉంటే అది ఎవరి నెత్తి మీద ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

పదో తరగతి పిల్లలకు బండి ఇచ్చే నాన్నలకు ఒక్క మాట. పట్టుబడితే మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా మీకే. పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇంతకన్నా చెప్పను, మీ ఇష్టం.

పడినవాడిని చూసి ఆగితే మన మీదికి వస్తుందని చాలామంది ఆగరు. సాయం చేసినవాడిని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదని చట్టంలోనే ఉంది, 134ఏ సెక్షన్. దవాఖానలో దింపి వెళ్ళిపోవచ్చు. గోల్డెన్ అవర్‌లో, అంటే దెబ్బ తగిలిన మొదటి గంటలో, దవాఖానకు చేర్చి ప్రాణం కాపాడినవాళ్ళకు కేంద్రం 25 వేలు ఇచ్చే పథకం కూడా ఉంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం వచ్చింది. 112కు ఫోన్ చేసినప్పుడే దగ్గరలో ఏ దవాఖానలో ఉందో అడగండి. అడ్వాన్స్ కట్టమని కౌంటర్ దగ్గర నిలబెడితే ఈ పథకం ఉందని చెప్పండి. చెబితేనే కొన్నిచోట్ల గుర్తొస్తుంది.

ఇప్పుడు పైసల లెక్క. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువ నష్టపోతారు. టైల్స్ పని చేసే తమ్ముడనుకుందాం, 28 ఏళ్ళు, నెలకు 15 వేలు. మోకాలు వంగదు. మెడికల్ బోర్డు మనిషి మొత్తానికి 10 శాతం వైకల్యం అని రాసింది. కంపెనీ ఆ 10 శాతమే పట్టుకుంటుంది. ఏడాదికి లక్షా 80 వేలు, భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2 లక్షల 52 వేలు. అందులో 10 శాతం, ఆ వయసుకు కోర్టులు వాడే 17తో గుణిస్తే 4 లక్షల 28 వేల చిల్లర. కానీ మోకాలు వంగనివాడు టైల్స్ ఎలా వేస్తాడు? గొంతుక్కూర్చునే పని అది. ఆఫీసులో కూర్చునేవాడికి 10 శాతం కావచ్చు, ఇతనికి సంపాదనలో పోయింది 40 శాతం అని రుజువు చేస్తే అదే లెక్క 17 లక్షల 13 వేలు దాటుతుంది. శరీరంలో ఎంత పోయిందని కాదు, సంపాదనలో ఎంత పోయిందో చూడాలని 2010లో సుప్రీంకోర్టు చాలా వివరంగా చెప్పింది. దీనికి డాక్టర్ వచ్చి సాక్ష్యం చెప్పాలి. మీరు ఏం పని చేస్తారో చెప్పడానికి మేస్త్రీ రావాలి, ఫోన్‌పేలో కూలి పడిన లెక్కలు కావాలి. బిల్లులు, స్కాన్లు, ఆటో కిరాయి చీటీలు కూడా ఒక్కటీ పారేయకండి.

అడగండి, ప్రశ్నలుంటే. ఆ అన్న ఏమంటున్నారు? గుద్దిన లారీ ఆగకుండా పోయింది, నంబరు లేదు, ఇక ఏం రాదా? వస్తుంది అన్నా. చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. తక్కువే, కానీ వస్తుంది. దరఖాస్తు రెవెన్యూ అధికారుల ద్వారా కలెక్టర్ దాకా పోతుంది. దానికీ ఎఫ్ఐఆర్, దవాఖాన కాగితాలు కావాలి. "స్కిడ్ అయి పడ్డడు" అని రాయిస్తే అదీ రాదు.

అక్క అడుగుతున్నారు, దవాఖాన గేటు దగ్గరే ఒకాయన వచ్చి ఖర్చులన్నీ నేనే పెట్టుకుంటా, వచ్చినదాంట్లో పర్సెంటేజీ ఇవ్వండి, ఈ తెల్లకాగితాల మీద వేలిముద్ర వేయండి అన్నాడట. వేయకండి అక్కా. వచ్చిన పరిహారంలో వాటా తీసుకోవడం వకీళ్ళకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషేధం. మా వాళ్ళ గురించి నేనే చెప్పాల్సి వస్తోంది, ఏం చేస్తాం! ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోండి. ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. 15100కు ఫోన్ చేయవచ్చు. పరిహారం మీ బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఆ పాస్‌బుక్, ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి. లోక్ అదాలత్‌లో తొందరగా తేలుతుంది, మంచిదే. కానీ అక్కడ ఒప్పుకుంటే మళ్ళీ అప్పీలు ఉండదు. సంతకం పెట్టే ముందు ఇందాకటి 17 లెక్క ఒకసారి వేసి చూసుకోండి.

ఇంకెవరైనా? లేరా. సరే, నేను ఇంకో గంట ఇక్కడే ఉంటాను. పాలసీ కాగితం బండి డిక్కీలో ఉన్నవాళ్ళు పట్టుకురండి. ఫోన్‌లో ఉన్నా సరే. వెనక కూర్చున్నవాళ్ళకు వస్తుందో లేదో చూసి చెబుతాను.